ఫ్లారెన్సులో నా భార్యకు జబ్బు చేసిన ఆదివారం

సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో నిక్షేపంగా తిరుగుతున్న నా భార్యకు, ఇటలీలో కూర్చుని నేను జబ్బు తెప్పించాను. మామూలు జలుబో జ్వరమో కాదు. ఒక చర్చి నిండా జనం మోకాళ్ళ మీద కూలబడి కళ్ళు తుడుచుకునేంత పెద్ద జబ్బు. ఇందులో మంత్రాలూ చేతబడులూ ఏమీ లేవు. మేం క్రైస్తవులం, అలాంటివి నమ్మం. దానికి ఒక జత బూట్లు, ఒక అబద్ధం, వారాల తరబడి మనిషి మాటకు మొహం వాచిన ఒక వెధవ ఉంటే చాలు. ఆ వెధవ పేరు జయరాజు. అంటే నేనే. మీరు మరీ మొహమాటపడి "అయ్యో, అలా అనుకోకండి" అనక్కర్లేదు. చివరిదాకా చదివాక మీరే ఇంకో మాట కలుపుతారు.

అప్పటికి మన రాష్ట్రం ఇంకా ఒక్కటే. నేను నేరేడ్‌మెట్ అవతల ఒక మందుల కంపెనీలో, మాత్రలను రేకుల్లో పెట్టి అతికించే మిషన్ల దగ్గర సూపర్‌వైజర్‌ని. కంపెనీ ఇటలీ నుంచి కొత్త మిషన్ కొన్నది. దాన్ని నడపడం నేర్చుకోవడానికి నన్ను బొలోనియా అనే ఊరికి పంపాలనుకున్నారు. మేనేజరు పిలిచి, "జయరాజ్, మేడమ్‌ను సుత తీస్కపో. ఆమె టికెట్టు సగం కంపెనీ ఇస్తది. మిగిలింది జీతంల కట్ చేసుకుంటం" అన్నాడు.

నేను ఇంటికొచ్చి ఎస్తేరుతో, "ఒక్కడినే పంపుతారట" అన్నాను.

ఎందుకన్నాను? ఎస్తేరంటే ఇష్టం లేక కాదు. నా బుర్రలో అప్పటికే ఒక బొమ్మ తయారై కూర్చుంది. పొడుగు కోటు వేసుకుని, జేబులో చెయ్యి పెట్టుకుని, పాత రాతి వీధుల్లో గంభీరంగా నడుస్తున్న ఒక పెద్దమనిషి. ఆ బొమ్మలో, మిక్చర్ పొట్లాల సంచి భుజాన వేసుకుని నడివీధిలో "ఏమండీ, బాత్రూమ్ ఎక్కడో కనుక్కోండి" అని కేకేసే ఎస్తేరుకు చోటు దొరకలేదు. చోటు నేను ఇవ్వలేదు అనడం సబబు.

ఆమె మాత్రం ఆ మాట నమ్మి, తన స్కూలు జీతంలోంచి నాకు కొత్త గోధుమరంగు బూట్లు కొన్నది. "ఇటలీ వాళ్ళ ముందు మనం తక్కువైపోకూడదు" అన్నది. తర్వాతి ఆదివారమే మా ఎకౌంటెంటు భార్య చర్చి మెట్ల మీద ఆమెను పట్టుకుని, "నువ్వెందుకు వెళ్ళట్లేదు వదినా, సగం టికెట్టే కదా!" అన్నది.

ఇంటికొచ్చాక జరిగిన సంభాషణ చాలా చిన్నది.

"ఒక్కరికే అన్నారుగా?"

"అంటే... అదీ... అక్కడ చలి ఎక్కువట."

"నాకు చలేస్తే మీరు చూడలేరని వదిలేసి పోతున్నారన్నమాట."

"అవును" అన్నాను. అనకూడదు. కానీ అన్నాను.

ఆ తర్వాత ఆమె మాట్లాడటం మానేసింది. పెట్టె మాత్రం సర్దింది. కోపంగా మడతపెట్టిన చొక్కాలకు ఇస్త్రీ ఎంత బాగా నిలుస్తుందో నాకు అప్పుడే తెలిసింది.

బొలోనియాలో పగలంతా మిషన్ నేర్పేవాళ్ళు. సాయంత్రం కాగానే అందరూ కోట్లు తగిలించుకుని, నవ్వుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు. నేను గదికి పోయి, రాయిలాంటి రొట్టెను టమాటా పచ్చడిలాంటి దానిలో ముంచుకుని తిని, కిటికీలోంచి ఎదుటింటి కిటికీని చూసేవాడిని. ఎదుటింటి కిటికీ నన్ను చూసేది. తెలుగు మాట వినక నాలుక తుప్పు పట్టిపోతుందేమోనని మిషన్‌తోనే తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాను. "ఏమ్మా, తిన్నావా?" అంటే అది టకటకమని జవాబు చెప్పేది. ఆ ఊళ్ళో నన్ను పలకరించిన వాళ్ళలో అదే నయం.

మా ఇంట్లో ఫోన్ లేదు. ఎదురింటి లక్ష్మక్క ఇంట్లో ఉంది. ఆదివారం ఆదివారం అక్కడికి ఫోన్ చేసేవాడిని.

"లక్ష్మక్కా, ఎస్తేరుని కొంచెం పిలుస్తావా?"

"పిలిచిన తమ్మీ. రానన్నది. బట్టలు ఉతుకుతున్నదంట."

"ఆదివారం ఆమె బట్టలు ఉతకదక్కా."

"గది నాగ్గూడ ఎర్కే. ఏం జెప్పాలె మల్ల? నువ్వేం జేసినవో ఏందో, ఆమె మొఖం జూస్తె నాకే బుగులైతున్నది."

ఆ పై ఆదివారం తలకు నూనె పెట్టుకుంటున్నదట. ఆ పై ఆదివారం ఏ సాకూ చెప్పలేదట, ఊరికే తలుపేసుకున్నదట. లక్ష్మక్కకే జాలేసింది. "వచ్చే ఐతారం నేనే చెయ్యి పట్టి తోల్కొచ్చి ఫోన్ ముంగట కూసోబెడ్త. గప్పుడు గూడ నువ్వు సక్కగ మాట్లాడకపోతే, ఇగ నా ఇంటికి ఫోనే జెయ్యకు" అన్నది.

ఆ వచ్చే ఐతారమే నేను ఫ్లారెన్సు చూడటానికి పోయాను. ఇటలీ దాకా వచ్చి అది చూడకపోతే పాపమని ఫ్యాక్టరీ వాళ్ళు రైలెక్కించారు. ఊరు తిరిగి, మధ్యాహ్నం అక్కడి నుంచే ఫోన్ చెయ్యాలని అనుకున్నాను. ఏం మాట్లాడాలో రైల్లో దారి పొడుగునా బట్టీ పట్టాను.

ఆ ఊరు ఎలా ఉందని అడగండి. అద్భుతంగా ఉంది. అదే నా తిప్పలు. ఆకాశంలో బోర్లించిన ఎర్రటి గుండిగలాంటి గోపురం, రంగు రంగుల పాలరాతి గోడలు, వంతెన మీద వరసగా అంగళ్ళు. పొడుగు కోటు ఉంది, జేబులో చెయ్యి ఉంది, రాతి వీధి ఉంది, పెద్దమనిషి నడుస్తున్నాడు. ఆ పెద్దమనిషిని చూసేవాడే ఎవడూ లేడు. ప్రతి గోడ దగ్గరా ఎవరో ఒకరు ఇంకొకరి చెయ్యి పట్టుకుని "అదుగో చూడు" అంటున్నారు. వాళ్ళ భాష రాకపోయినా ఆ మాట ఏ భాషలోనైనా తెలిసిపోతుంది. బట్టలు లేకుండా నిలబడ్డ ఒక రాతి వీరుడి ముందు నేను కూడా ఉండబట్టలేక, "చూశావా ఎస్తేరూ, ఈయనకు చలెయ్యదా?" అన్నాను. పక్కనున్న జపాన్ ఆయన మర్యాదగా తల వంచి, రెండడుగులు దూరం జరిగాడు.

ఆ గుంపు భరించలేక నది దాటి అవతలి సందుల్లోకి పోయాను. అక్కడ ఒక చిన్న చర్చిలోంచి ఆర్గన్ వినబడింది. ఆదివారం, ఆర్గన్. నా కాళ్ళు నన్ను అడక్కుండానే అటు తిరిగాయి. గుమ్మం దగ్గర ఆగి, బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి అందులో దోపి, గోడవారగా జతగా పెట్టి, వట్టి కాళ్ళతో లోపలికి పోయాను.

ఎందుకు విప్పావని అడుగుతారేమో. మీరు మా చర్చికి ఎప్పుడూ రాలేదన్నమాట. మా తాతలు కృష్ణా జిల్లా నుంచి సికింద్రాబాద్ వచ్చేటప్పుడు పాటల పుస్తకంతో పాటు ఆ అలవాటును కూడా తెచ్చుకున్నారు. దేవుడి మందిరంలోకి చెప్పులతో పోము. ఆరాధన రోజున మా చర్చి మెట్లు చూస్తే చెప్పుల దుకాణంలా ఉంటాయి. ఇక్కడ గుమ్మం దగ్గర ఒక్క జత కూడా లేదే అన్న అనుమానం ఎవరికైనా రావాలి. నాకు రాలేదు. మొదట వచ్చినవాడిని నేనే కాబోలనుకున్నాను. లోపల చూస్తే చర్చి నిండా జనం.

పాలరాతి నేల కాదది, పరిచిన ఐసు. పిల్లిలా అడుగులేస్తుంటే, చివరి బెంచీ మీద నల్ల బట్టల్లో ఉన్న ఒక మామ్మ నా కాళ్ళు చూసింది. ఆమె పేరు రోజా అని తర్వాత తెలిసింది. నా కాళ్ళు, నా మొహం, మళ్ళీ నా కాళ్ళు చూసి, ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుంది. లేచి, నా మోచెయ్యి పట్టుకుని, అందరి మధ్యలోంచి నడిపించుకుంటూ పోయి మొదటి బెంచీలో కూర్చోబెట్టింది. దారి పొడుగునా తలలు తిరిగాయి. గుసగుసలు. ఒకాయన లేచి చోటిచ్చాడు.

నేనేమనుకున్నానో తెలుసా? మా చర్చిలో కొత్తవాళ్ళు వస్తే ముందు కుర్చీల్లో కూర్చోబెడతాం కదా, ఇక్కడా అదే పద్ధతి కాబోలు, ఎంత మంచివాళ్ళు అనుకున్నాను. ఇన్ని వారాల తర్వాత ఒక మనిషి నా చెయ్యి పట్టుకుంది. నా కళ్ళలో నీళ్ళు చూసి రోజా మామ్మ తనూ కళ్ళు ఒత్తుకుంది.

ఆరాధన అయిపోతుండగా ఆమె పోయి ఫాదరు చెవిలో ఏదో చెప్పింది. ఆయన మెట్లు దిగి నా ముందుకొచ్చాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బడిలో ఫెయిలైనట్టున్నాయి, అందుకే బాగా అర్థమైంది.

"ఎక్కడి నుంచి వచ్చారు?"

"ఇండియా. సికింద్రాబాద్."

"ఇంత చలిలో, కాళ్ళకు ఏమీ లేకుండా మందిరానికి వచ్చారు. ఎవరి కోసం ఈ మొక్కు?"

అప్పుడు చుట్టూ చూశాను. ఒక్కొక్కరి కాళ్ళూ చూశాను. బూట్లు, బూట్లు, బూట్లు. చర్చి మొత్తంలో వట్టి కాళ్ళ మనిషిని నేనొక్కడినే. వీళ్ళ లెక్కలో నేను ఏదో ఘోరమైన కష్టంలో మొక్కుకుని వచ్చిన భక్తుడిని.

"ఫాదర్, నా బూట్లు బయట ఉన్నాయి" అనాలి. అంతే. ఒక్క వాక్యం. కానీ అంతమంది కళ్ళు నా మీదే ఉన్నాయి. ఎంత దయగా ఉన్నాయని! ఆ మాట అంటే అందరూ ఆ కళ్ళు తిప్పుకుని, మళ్ళీ ఎవరి దారిన వాళ్ళు పోతారు. నేను మళ్ళీ కిటికీకి ఎదురుగా కిటికీనైపోతాను.

"నా భార్య కోసం" అన్నాను.

"అయ్యో. ఆమెకు ఒంట్లో బాగాలేదా?"

నేను తల వంచాను. తల వంచడం వేరు, అవునని తల ఊపడం వేరు అని తర్వాత నాతో నేను చాలాసార్లు వాదించుకున్నాను. ఒక్కసారీ గెలవలేదు.

"పేరు?"

"ఎస్తేరు."

ఫాదరు మళ్ళీ మెట్లెక్కి గట్టిగా ప్రకటించాడు. నాకు అర్థమైనవి రెండే మాటలు, ఇండియా, ఎస్తేర్. చర్చి మొత్తం ధబధబమని మోకాళ్ళ మీదికి దిగింది. కర్ర సాయంతో నిలబడ్డ ముసలాయన కూడా, కర్ర పక్కన పెట్టి మరీ దిగాడు. "ఎస్తేర్, ఎస్తేర్" అని మారుమోగిపోయింది. ఆ సమయానికి మా ఎస్తేరు పద్మారావు నగర్‌లో, లక్ష్మక్క ఇంట్లో ఫోన్ ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

ఒక్క సంగతి చెప్పాలి. అంతమంది అలా తలుచుకుంటుంటే, నిజంగా ఆమెకేమైనా అయితే అన్న ఆలోచన నాకు మొదటిసారి వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపు నిజం. దాంతో నా అబద్ధం మరింత గట్టిపడింది.

అందరం బయటికొచ్చాం. గోడవారగా చూశాను. బూట్లు లేవు.

నిజానికి ఉన్నాయి. గుమ్మం పక్కన చెయ్యి చాచి అడుక్కునే ఇంకో ముసలాయన కాళ్ళకు ఉన్నాయి. మేజోళ్ళతో సహా. ఆయన కాళ్ళు ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి, తనివితీరా చూసుకుంటున్నాడు.

ఫాదరు నా భుజం మీద చెయ్యేసి అన్నాడు. "చూశారా? ఈ పొద్దున ఎవరో దయగల మనిషి కొత్త బూట్లు ఇక్కడ పెట్టిపోయాడు. మా వాళ్ళు ఈయనకు ఇచ్చారు. దేవుడు ఎంత గొప్పవాడు!"

"చాలా గొప్పవాడు ఫాదర్" అన్నాను.

ఇంకేమనాలి? వట్టి కాళ్ళతో మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాడికి బూట్లెక్కడివి? ఇంతలో ఆ ముసలాయన నా కాళ్ళు చూసి చలించిపోయాడు. గబగబా వంగి, బూట్ల తాళ్ళు విప్పి, ఒక బూటు తీసి నాకు అందించబోయాడు. నా చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. రోజా మామ్మ మధ్యలో అడ్డం దూకింది! చూపుడువేలు ఊపుతూ ముసలాయనకు గట్టిగా చీవాట్లు పెట్టింది. ఆ చీవాట్లను ఫాదరు నాకు ఇంగ్లీషులో వివరించాడు. "బూట్లు తొడిగితే మీ మొక్కు చెడిపోతుందని అంటోంది." ముసలాయన చెంపలేసుకున్నంత పని చేసి, బూటు మళ్ళీ తొడుక్కున్నాడు.

ఫోన్ చేసే వేళ దగ్గర పడుతోంది. "నేను మా ఇంటికి ఫోన్ చెయ్యాలి" అని ఫాదరుతో అన్నాను, తప్పించుకుపోవచ్చని. ఆయన ఆ మాట అందరికీ చెప్పాడు. అంతే, రోజా మామ్మ ముందు, నేను వెనక, నా వెనక నల్లకోట్ల ముసలమ్మలు బారుగా బయలుదేరారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగాక గేటులోంచి వచ్చే జనంలా సందు నిండిపోయింది. కాలికింద రాళ్ళు, రాళ్ళ మధ్య నీళ్ళు. నా పాదాలు నావన్న సంగతి నేను అప్పటికే మరిచిపోయాను. వీధి చివర కాఫీ కొట్లో గోడకు ఫోన్ ఉంది. నేను కార్డు పెట్టి నంబరు నొక్కాను. వాళ్ళు చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడి, జపమాలలు పట్టుకుని, రోగి కబురు కోసం నా నోటి వంక చూస్తున్నారు.

"చెప్పండి" అన్నది ఎస్తేరు.

అన్ని వారాల తర్వాత విన్న మొదటి మాట. రైల్లో బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది.

"ఎస్తేరూ, నీకు జబ్బు చేసింది" అన్నాను.

"నాకా? ఎప్పుడు?"

"ఇందాకే. ఇక్కడ."

"తాగారా?"

"దేవుడి తోడు, లేదు. ఇక్కడ అందరూ నీకోసం ప్రార్థన చేశారు. కొంచెం మెల్లగా మాట్లాడు."

"నేనెందుకు మెల్లగా మాట్లాడాలి? నేనేం తప్పు చేశాను?"

ఆ గొంతు ఫోన్‌లోంచి బయటికొచ్చి కాఫీ కొట్టంతా వినబడింది. రోజా మామ్మ కళ్ళు పెద్దవయ్యాయి. మిగిలినవాళ్ళ వైపు తిరిగి ఏదో అరిచింది. చప్పట్లు! పొద్దున చావుబతుకుల్లో ఉన్న మనిషి, మధ్యాహ్నానికి ఇంత గట్టిగా అరుస్తున్నదంటే అద్భుతం కాక మరేమిటి? కొట్టు యజమాని అందరికీ కాఫీలు పోయడం మొదలుపెట్టాడు.

ఆ గోలలో నేను గోడకు తిరిగి మొత్తం చెప్పేశాను. బూట్ల సంగతి, జబ్బు సంగతి. ఆపకుండా, అంతకుముందు ఆడిన అబద్ధం కూడా. "చలి కోసం కాదు ఎస్తేరూ. నేనొక్కడినే గొప్పగా కనబడాలనుకున్నా. నువ్వు పక్కనుంటే నామోషీ అనుకున్నా. ఇక్కడ నన్ను చూసేవాడు ఎవడూ లేడు. ఏది చూసినా నీకే చెప్పాలనిపిస్తోంది."

అవతల దూరంగా లక్ష్మక్క గొంతు. "ఏమంటున్నడు? ఏడుస్తున్నడా?"

"ఆ, ఏడుస్తున్నారక్కా."

"ఏడ్వనియ్యి జెర సేపు. మంచిదే."

ఇంతలో రోజా మామ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. లాక్కుని ఇటాలియన్‌లో ధారాళంగా మాట్లాడేసింది. అవతల ఎస్తేరు, "ఆ... బాగున్నానమ్మా... మీరు బాగున్నారా? కొంచెం ఆయన్ని చూసుకోండమ్మా..." అని తెలుగులో మాట్లాడుతోంది. ఈమె నవ్వితే ఆమె నవ్వింది. ఈమె ముక్కు చీదితే అవతలా చీదిన చప్పుడు. నేను పక్కన వట్టి కాళ్ళతో, రెండు భాషల మధ్య తప్పిపోయిన సామానులా నిలబడ్డాను. కార్డు మాత్రం గబగబా అరిగిపోతోంది.

ఫోన్ మళ్ళీ నా చేతికొచ్చింది.

"ఎవరండీ ఆమె?"

"రోజా మామ్మ. చర్చిలో పరిచయం."

"ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నా ఒంట్లో ఎలా ఉందనే కదా అడిగింది?"

"అవును."

"మీరు ప్రతి ఆదివారం ఫోన్ చేశారు. ఎస్తేరుని పిలవమన్నారు. ఆమె ఎలా ఉందక్కా అని లక్ష్మక్కను ఒక్కసారన్నా అడిగారా?"

వెతుక్కున్నాను. అడగలేదు. "లేదు" అన్నాను.

"సరే అయితే. దేవుడి మందిరంలో చెప్పిన మాట అబద్ధం కాకూడదు. నాకు జబ్బే. మీరు వచ్చేదాకా ఓర్చుకుంటాను. వచ్చాక వంటా, గిన్నెలూ, నీళ్ళు పట్టడం అన్నీ మీరే. తగ్గిందని నేను చెప్పాలి. అప్పటిదాకా మంచం దిగను."

"అలాగే" అన్నాను. నా జీవితంలో అంత ఆనందంగా ఏ శిక్షనూ ఒప్పుకోలేదు.

కార్డు అయిపోయింది. మొక్కు ఫలించింది కాబట్టి ఇక చెప్పులు వేసుకోవచ్చని వెంట వచ్చిన ఫాదరు తీర్పు చెప్పాడు. రోజా మామ్మ పక్క సందులోని తన ఇంటికి పోయి, చనిపోయిన తన భర్త బూట్లు తెచ్చింది. బూట్లు కావవి, పడవలు. మోకాళ్ళ మీద కూర్చుని, కాగితం ఉండలు కుక్కి, నా కాళ్ళకు తనే తొడిగి, తాళ్ళు కట్టింది. కట్టాక కాసేపు లేవలేదు, ఆ బూట్లనే చూస్తూ ఉండిపోయింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను చెప్పలేదు. రైలెక్కి బొలోనియా వచ్చేశాను. ఈ కథలో నాకు ఇప్పటికీ నవ్వు రాని చోటు అదొక్కటే.

సికింద్రాబాద్ వచ్చేసరికి ఎస్తేరు తలకు తుండు చుట్టుకుని, మంచం మీద దిండుకు ఆనుకుని, మహారాణిలా ఉంది. లక్ష్మక్క పక్కన కూర్చుని బత్తాయి ఒలిచి పెడుతోంది.

"ఏమైందక్కా ఈమెకు?" అన్నాను, బుద్ధిగా, ముందు ఆ మాటే అడగాలని నేర్చుకుని వచ్చాను కాబట్టి.

"ఏమో తమ్మీ. ఇటలీల జబ్బు జేసిందంట. పెద్ద తక్లీఫ్ ఉన్నది. నువ్వు జల్ది పోయి బియ్యం కడుగు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సమక్షంలో, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశంలోనూ, ఏ మందిరంలోనూ, ఎంత దయగల కళ్ళు చూస్తున్నా సరే, ఎదుటివాళ్ళ కాళ్ళు చూడకుండా నా బూట్లు విప్పను. నా ఒంటరితనానికి నా భార్య ఆరోగ్యాన్ని వాడుకోను. గొప్పగా కనబడాలని ఎక్కడికీ ఒక్కడినే పోను.

ప్రమాణం ఇంకా పొడుగ్గా చెయ్యాలనే ఉంది. కానీ లోపలి గదిలోంచి, "ఏమండీ, మళ్ళీ నీరసంగా ఉంది" అని పిలుపు వస్తోంది. టీ పెట్టాలి. ఇన్నేళ్ళయినా తనకు తగ్గిందని ఆమె తన నోటితో ఇంకా చెప్పలేదు. నేనూ తొందరపెట్టడం లేదు.